కేక వేయని అంకాలమ్మ

తోటపల్లి గూడూరు,
20 జూన్ 1960

వదినగారికి ఇందిర నమస్కారాలు.

మీరు పంపిన మాగాయ జాడీ పగలకుండా చేరింది. మామయ్యగారు రోజూ రెండు ముక్కలు వేసుకుంటున్నారు. ఆయన మోకాలి నొప్పి తగ్గింది. పంచాయతీ ఆఫీసుకు నడిచే పోయి వస్తున్నారు. మీ తమ్ముడు వేసవి ఎడగారు పైరుకు నీళ్ళ కోసం కాలవ వెంబడి తిరుగుతున్నారు, భోజనానికి కూడా సరిగ్గా రావడం లేదు.

ఇప్పుడు నా కష్టం ఒకటి చెప్పుకుంటాను. మీరు నవ్వకూడదు. బ్లాకు నుంచి వచ్చే గ్రామసేవిక కరుణాకుమారి గారు ఈ ఊరి మహిళా మండలికి నన్ను కార్యదర్శిని చేసింది. ఐదో తరగతి చదివిన కోడలు ఇంకెవరూ లేరట. అంతటితో ఊరుకోకుండా, ఆగస్టు పదిహేనున బడి ముందు సభలో నేను లేచి మాట్లాడాలంటుంది. దొరల కాలంలో నోరు విప్పి ఒక మాట అనడానికి మన పెద్దవాళ్ళు ఏం పడ్డారో, ఆ సంగతి చెప్పాలట. "మీ మామగారు ఉపన్యాసం చేసి జైలుకు పోయిన మనిషి, ఇంట్లో ఇంత కథ పెట్టుకుని నీకేం భయం?" అంది.

నాకేం భయమో ఆమెకేం తెలుసు. నేను ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళు కావస్తున్నా మామయ్యగారితో ఇంతవరకూ ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. అత్తయ్యగారు ఉన్నప్పుడు ఆవిడ నడుమ ఉండేవారు. ఆవిడ పోయాక మామయ్యగారు వసారా గుంజతో మాట్లాడడం మొదలుపెట్టారు. "గుంజమ్మా, మజ్జిగుందా?" అంటారు. ఉంటే నేను లోపల గాజులు కదిలిస్తాను, లేకపోతే చెంబు గడపకు తగిలిస్తాను. ఆయన మంచివారు. ఒక్కోసారి గుంజకు పేపర్లో సంగతులు కూడా చదివి వినిపిస్తారు, అది నా కోసమేనని నాకు తెలుసు. అట్లాంటి మనిషి ఎదుట, ఊరంతా చూస్తుండగా నేనెట్లా లేచి నిలబడను?

ఈ ఊళ్ళో నా మాదిరి మనిషి ఇంకొకతె ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న పాలెం నుంచి చేపలు తెచ్చే అంకాలమ్మ. మిగతా చేపలవాళ్ళు వీధి మొదట్లో కేక వేస్తే చివరి ఇంటికి వినపడుతుంది. ఈమె మాత్రం నోరు తెరవదు. ఒక్కొక్క గుమ్మం ముందు తట్ట దించి, ఎవరైనా చూసేదాకా కూర్చుంటుంది. అందరి ఇళ్ళూ తిరిగేసరికి చేప మెత్తబడుతుంది, ఇంకెవరూ కొనరు. అయినా కేక వేయదు. మూగదేమో అనుకున్నాను మొదట్లో. కాదు. నన్ను మంచినీళ్ళు అడుగుతుంది. పాలెంలో చెలమ నీళ్ళు ఉప్పగా ఉంటాయని, ఇక్కడ చెంబెడు నీళ్ళు దించకుండా తాగుతుంది. మా ఇద్దరికీ నోరు లేదు కాబట్టి బాగా కుదిరింది.

మీరు అప్పుడు చిన్నపిల్ల కదా, చూసే ఉంటారు. మామయ్యగారి ఉపన్యాసం సంగతి రాయండి. దాన్నే బట్టీ పట్టి అప్పచెప్తాను.

ఇట్లు,
ఇందిర


సంగం,
4 జూలై 1960

ఇందిరకు దీవెనలు.

నవ్వొద్దన్నావు గాబట్టి నవ్వడం ఆపి రాస్తున్నా. ఆనకట్ట మీద పోయే ఎడ్లబండి వాడు కూడా మా ఇంట్లో ఎవరికో పిచ్చెత్తిందనుకుని ఉంటాడు. గుంజమ్మట. నాయనకు ఆ వేళాకోళం ఎప్పుడూ ఉంది. మా అమ్మ ఉన్న రోజుల్లో ఆమె మీద కోపమొస్తే ఎద్దుతో చెప్పేవాడు.

సరే, విను. ఉప్పు గొడవ జరిగిన ఏడాది నాకు పదేళ్ళు. నీ మొగుడు ఇంకా పుట్టనే లేదు. ఆ రోజుల్లో పట్నం నుంచి పేపరు వస్తే మధ్య మధ్య ఖాళీగా ఉండేది. అక్కడ ఉండాల్సిన వార్త సర్కారు వద్దంటే, పేపరు వాళ్ళు దాని స్థానంలో ఇంకోటి వేయకుండా తెల్లగా వదిలేసేవాళ్ళు. నాయన ఆ తెల్లటి చోటు మీద వేలు పెట్టి "ఇక్కడ ఏముండేదో చెప్పు" అని అడిగేవాడు. నాకు చదువు అట్ట వచ్చింది. అక్షరాలు ఉన్న చోటుకంటే లేని చోటే నాకు ముందు తెలిసింది.

ఉప్పు కయ్యల దగ్గర నాయన ఉపన్యాసం చేస్తాడని ఊళ్ళో తెలిసినాక కాగితం ఒకటి వచ్చింది. మునసబు మన గుమ్మం ముందు నిలబడి చదివినాడు. ఫలానా హజరత్తయ్య అనేవాడు రెండు నెలలపాటు పదిమంది కూడిన చోట నోరు విప్పరాదు అని. నాయన తల్లి, మా అవ్వ, తలుపు చాటు నుంచి అడిగింది, "ఇంట్లో మాట్లాడొచ్చా నాయనా?" అని. మునసబు కాగితం తిరగేసి చూసి "ఇంటి సంగతి రాయలేదు పెద్దమ్మా" అన్నాడు.

నాయన ఆ ఉపన్యాసం కోసం తెల్లవారుజామున సరుగుడు తోపులోకి పోయి, చెట్లకు చెప్పి అలవాటు చేసుకునేవాడు. అనుకున్న రోజున జనం బాగానే వచ్చినారు. ఉపన్యాసం మాటకు మాట రాసుకుని కేసు పెట్టేందుకు నెల్లూరు నుంచి ఒక రైటరు వచ్చినాడు. జేబు నిండా చెక్కిన పెన్సిళ్ళు. నాయన గట్టు మీదికి ఎక్కి "అయ్యలారా" అన్నాడు. అంతే, ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యేసినాడు. రైటరు పాపం ఆ ఒక్క మాట రాసుకుని పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటకు వేలూరు జైల్లో ఆరు నెలలు.

ఇది చెప్పు. పెన్సిళ్ళ దగ్గర జనం నవ్వుతారు, ఆరు నెలల దగ్గర చప్పట్లు కొడతారు. నువ్వు కూర్చోవచ్చు.

ఆ చేపలామె సంగతి మనకెందుకు. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసుకుంటే చాలు.

మా తమ్ముడు చెంచును ఎండలో తిరగొద్దని చెప్పు. నా మాట వినడని తెలుసు. అయినా చెప్పు.

నీ వదిన,
ఆదిశేషమ్మ


తోటపల్లి గూడూరు,
25 జూలై 1960

వదినగారికి నమస్కారాలు.

మీ జాబు చాలాసార్లు చదువుకున్నాను. చదివిన కొద్దీ, ఆ పేపర్లలో మాదిరి మీ జాబులో కూడా ఒక తెల్లటి చోటు ఉన్నట్టనిపించింది. చనువు తీసుకుని రాస్తున్నాను, తప్పైతే మన్నించండి.

ఎందుకంటున్నానో చెప్తాను. మీరు రాసినదంతా నా మాటల్లో కూర్చుకుని గొడ్లసావిట్లో ఆవుకు అప్పచెప్తున్నాను. మామయ్యగారికి చెట్లు ఉన్నట్టు నాకు ఆవు. మొన్న సగంలో ఉండగా వెనక నుంచి ఎవరో అన్నారు. "అమ్మణ్ణీ, మాట నోట్లోనే మింగేస్తా ఉండావే. ఆకరి మాట పైకి ఇసరాల. అప్పుడు గాలి దాన్ని మోసకపోతాది." చూస్తే అంకాలమ్మ. తట్ట పక్కన పెట్టి ఎప్పటినుంచి కూర్చుందో.

సిగ్గుతో ఆవు వెనక్కి జరిగాను. "నువ్వు ఎప్పుడూ కేకే వేయవు, నీకెట్లా తెలుసు?" అన్నాను.

ఆమె నీళ్ళడిగింది. తాగింది. చెంబు బోర్లించి, ఆవు పక్కన గొంతుక్కూర్చుని, గుసగుసగా ఏదో మొదలుపెట్టింది. చేపల కేకే అది. కానీ లోపల ఇంకేదో ఉంది. "నెత్తళ్ళమ్మా నెత్తళ్ళు. సముద్రం మనది, ఎండ మనది, ఉప్పు మనది. నడమ తెల్లోడి తక్కెడ ఎందుకమ్మా." అట్లా ఎంతసేపో చెప్పింది. చేప పేరు ఒకటి, మాట ఒకటి. పైకి విసరాల్సిన చోట గొంతు విసరకుండా, చెయ్యి మాత్రం ఎత్తి చూపించింది.

వదినా, అది మామయ్యగారి ఉపన్యాసం. "అయ్యలారా" తర్వాత ఉండాల్సినది. ఆయన తోపులో చెట్లకు చెప్తుండగా తట్టతో పోతూ రోజూ విన్నదట. ఆయన్ను పట్టుకుపోయిన మర్నాటి నుంచి, ఆయన ఆపిన చోటు నుంచి ఎత్తుకుని, చేపల కేకలో కలిపి ఊరూరా చెప్పిందట. సభ పెడితే కదా తప్పు, చేపలమ్ముకునేదాన్ని కేక వేయొద్దని ఏ కాగితంలో ఉంది అంది. చెప్తూ నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"మరి ఎందుకు మానేశావు? పోలీసులు కొట్టారా?" అని అడిగాను.

ఆమె తట్ట నెత్తికెత్తుకుని, మన ఇంటి ద్వారబంధం వైపు గడ్డం చూపించింది. "మీ ఇంట్లో అడుగు" అంది.

ఇంట్లో ఎవరిని అడగను? మీ తమ్ముడిని అడిగితే తెలియదన్నారు. నాన్నగారిని అడిగి చూస్తానని పోయి వచ్చి, "భయపడి మానేసిందని నాన్న ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు. అట్లాంటి మనిషి కూడా భయపడిందే అని ఆయనకు మనసులో ఒక బాధ ఉంది" అన్నారు. భయపడిన మనిషి అట్లా నవ్వదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇందిర


సంగం,
2 ఆగస్టు 1960

ఇందిరకు,

నీ జాబు అందింది. ముప్పై ఏళ్ళ నాటి బూడిద ఇప్పుడు కెలికితే కళ్ళలో పడుతుంది. నాయనకు అరవై దాటినాయి. ఆయన పేరు ఈ చుట్టుపక్కల నిలబడి ఉంది. ఆ ఇంటి కోడలివి, దాని మీద ఈగ వాలకుండా చూసుకోవాల్సింది నువ్వు.

నా జాబులో తెల్లటి చోటు ఉందని రాసినావు. ఉంటే ఉంది. పేపర్లో తెల్లటి చోటు అందరూ చూసేవాళ్ళు, ఎవరూ వేలుపెట్టి పొడిచేవాళ్ళు కాదు.

పెన్సిళ్ళ కథ చెప్పి కూర్చో.

ఆదిశేషమ్మ


తోటపల్లి గూడూరు,
19 ఆగస్టు 1960

వదినగారికి నమస్కారాలు.

మీకు కోపం వచ్చిందని తెలిసింది. అయినా సభ ఎట్లా జరిగిందో మీకు కాక ఎవరికి రాయను?

జెండా ఎక్కించాక మామయ్యగారు పంచాయతీ ప్రెసిడెంటు హోదాలో మాట్లాడారు. బాగా మాట్లాడారు. నిరుడు ఎలక్షన్లలో చెప్పినట్టే, పాలెంలో మంచినీళ్ళ బావి తవ్విస్తామని మళ్ళీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. పాలెం ఆడవాళ్ళు బడి గోడవారగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో అంకాలమ్మ ఉంది. ఆమె చప్పట్లు కొట్టలేదు, కొంగుతో విసురుకుంటూ ఉంది.

తర్వాత కరుణాకుమారి గారు నా పేరు పిలిచింది. లేచాను. మొదటి వరసలో మామయ్యగారు తల వంచుకుని నేలకేసి చూస్తున్నారు. నాకు ఇబ్బంది కాకూడదనే. అది చూడగానే నాకు ఇంకా ఇబ్బంది అయింది. "అమ్మలారా" అన్నాను. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. పెన్సిళ్ళూ రాలేదు, ఆరు నెలలూ రాలేదు. కూర్చున్నాను. పిల్లలు నవ్వారు. కరుణాకుమారి గారు పాపం తానే ఏదో చెప్పి ముగించింది.

ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తున్నాను. వసారాలో మామయ్యగారు గుంజతో అంటున్నారు. "గుంజమ్మా, ఒక్క మాటకు ఇప్పుడు జైలు లేదు. ఆ పిల్ల ధైర్యంగా ఉండొచ్చు." నవ్వొచ్చింది, ఏడుపు ఆగలేదు.

మర్నాడు అంకాలమ్మ తట్ట దించింది. "ఆయప్ప మాదిరే ఒక్క మాటన్నావు గదమ్మణ్ణీ" అంది. ఎగతాళి కాదు. తర్వాత చేపలు సర్దుతూ, నన్ను చూడకుండా అంది. "అప్పుడైతే మిగతాది నేను మోసకపోయినా. ఇప్పుడు నీది మోసకపోదామంటే నాకు నోరు లేదే."

వదినా, నన్నెవరూ ఆపలేదు. ఏ ఇన్‌స్పెక్టరూ భుజం మీద చెయ్యి వేయలేదు. నా నోరు నేనే మూసుకున్నాను. ఆమె నోరు ఎవరో మూశారు, అది మన ఇల్లు. ఆ సంగతి తెలియకుండా ఆమెకు రోజూ నీళ్ళు పోయడం నాకు చేతకావడం లేదు. మామయ్యగారి పేరు మీద ఈగ వాలనివ్వను. కానీ ఆయన కూడా ఆమె పిరికిదని నమ్ముతూ బతుకుతున్నారు. అది ఆయనకు మంచిదా?

మీరు రాయకపోయినా కోపం తెచ్చుకోను.

ఇందిర


సంగం,
11 సెప్టెంబరు 1960

చిరంజీవి సౌభాగ్యవతి ఇందిరకు,

ఈ జాబుకు ఇన్నాళ్ళు పట్టింది. పొలం పనులని చెప్పొచ్చు గానీ, అది కాదు.

చిన్నప్పుడు అవ్వ నా చేత పోలేరమ్మ మీద ఒట్టు పెట్టించింది. ఈ సంగతి నోటితో ఎవరికీ చెప్పనని. మా అమ్మ అప్పుడు పుట్టింట్లో ఉంది. ఆమెకూ చెప్పలేదు, నాయనకూ చెప్పలేదు, నన్ను చేసుకున్నాయనకూ చెప్పలేదు. మొన్న నీ జాబు ముందేసుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది. నోటితో చెప్పననే కదా ఒట్టు. రాయననే మాట అందులో లేదు. అవ్వకు చదువు రాదు. ఆడపిల్ల జాబు రాస్తుందనే సంగతి ఆమె లెక్కలోకే రాలేదు. ఇంత పెద్ద సందు ఉందని ఇన్నేళ్ళూ నాకూ తెలియలేదు. తెల్లటి చోట్లు చదివినదాన్ని, దీన్ని చూడలేకపోయినా.

అంకాలమ్మ కేక మొదలుపెట్టినాక పోలీసులకు ఏం చేయాలో తోచలా. స్టేషనుకు పిలిచినారు. "సామీ, కేక వేయకుండా చేపలు ఎట్ట అమ్మాల, మీరే చెప్పండి" అందట. ఏ సెక్షను పెట్టాలో తెలియక వదిలేసినారు. ఆమె ఇంకో ఊరు పోయి ఇంకాస్త చెప్పింది. అప్పుడు ఇన్‌స్పెక్టరు పాలెంకు పోయి, చేపలకు ఉప్పు పట్టేందుకు సర్కారు ఉప్పు దొడ్డిలో ఇచ్చే ఉప్పు ఆపేస్తానన్నాడు. పాలెం పెద్దలు అల్లాడిపోయినారు. అయినా ఆమె మానలేదు. పచ్చిచేపలే అమ్ముకుందామంది.

తర్వాత మన ఇంటికి వచ్చినాడు. అవ్వతో మెల్లగా, మర్యాదగా చెప్పినాడు. ఆమె అరిచేవన్నీ నీ కొడుకు నేర్పిన మాటలేనని మా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ కేక ఆగకపోతే ఆరు నెలలు కాస్తా మూడేళ్ళు అవుతాయి అని.

మర్నాడు అవ్వ తాంబూలం పళ్ళెం నా చేతికిచ్చి పాలెం నడిపించింది. మన ఇంటి ఆడవాళ్ళు పాలెంలో అడుగుపెట్టడం అదే మొదలు. పోలేరమ్మ రాయి ముందు అవ్వ పళ్ళెం దించి, అంకాలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "నా బిడ్డ జైల్లో చచ్చిపోతాడు తల్లీ. నేను వచ్చి నా మాట తిరిగి తీసుకునేదాకా నువ్వు కేక వేయొద్దు" అంది. అంకాలమ్మకు అప్పుడు నీ వయసు ఉంటుంది. పోలీసులకు లొంగనిది, అవ్వ ఏడుపు చూసి తాంబూలం తీసుకుంది. ఈ సంగతి ఊళ్ళోకి రానీయొద్దని పాలెం వాళ్ళను కూడా అవ్వ వేడుకుంది.

పాలెంలో ఒక కట్టు ఉంది. తాంబూలం పెట్టి అడిగిన మాటను, ఆ ఇంటి ఆడమనిషే మళ్ళీ తాంబూలం పెట్టి వెనక్కు తీసుకోవాల. కులపెద్ద చెప్పినా చెల్లదు, కలెక్టరు చెప్పినా చెల్లదు.

నాయన ఇంటికి వచ్చినాడు. పోయి మాట తీసుకుందామని నేనే అడిగినా. అవ్వ "ఉండవే, గొడవలు ఇంకా ఉన్నాయి, వీడు మళ్ళీ తోపులోకి పోతున్నాడు" అంది. తర్వాతి ఏడూ అదే మాట. భయం పోయినాక పోదామనుకుంది. భయం కంటే ముందు అవ్వే పోయింది. ఆమె చేసింది తప్పని నేను అనను. నీకు బిడ్డలు పుట్టినాక నువ్వూ అనవు. కానీ తిరిగి పోకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

దొరల కాగితం రెండు నెలలకు చెల్లిపోయింది ఇందిరా. దొరలే పోయినారు. మన తాంబూలం మాత్రం ఇంకా చెల్లుతూ ఉంది.

నేను వచ్చి తీసుకుందామంటే నేను సంగం కోడలిని, చెల్లదు. అమ్మ లేదు. ఆ ఇంటి ఆడమనిషివి నువ్వే. నోరు లేదంటావు. నువ్వే పోవాల, పైకి వినపడేట్టు చెప్పాల. నాయనకు తెలియకుండా వద్దు. ఎట్ట చెప్తావో నీ ఇష్టం.

నీ వదిన,
ఆదిశేషమ్మ


తోటపల్లి గూడూరు,
23 అక్టోబరు 1960

వదినగారికి మీ ఇందిర నమస్కారాలు.

ఒక్కొక్కటే రాస్తాను. తొందరపడకండి.

మీ జాబు నా దగ్గర పెట్టుకుని చాలా ఆలోచించాను. మీ తమ్ముడి చేత చెప్పిద్దామంటే, మళ్ళీ నడుమ ఒక మనిషి. చివరికి మామయ్యగారి పేపరు మడతలో మీ జాబు పెట్టి, పీట మీద ఉంచి, తలుపు వెనక నిలబడ్డాను.

ఆయన పేపరు విప్పారు. జాబు చూశారు. మీ అక్షరాలు గుర్తుపట్టినట్టున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు. చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఆయన్ను ఎప్పుడూ అట్లా చూడలేదు. పేపరు ముట్టుకోలేదు. ఆ రోజు అన్నం కూడా సగంలో లేచారు. గుంజతో ఏమీ అనలేదు. తప్పు చేశానేమోనని నాకు నిద్ర లేదు.

తెల్లారి ఆయన స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకుని వసారాలోకి వచ్చారు. "గుంజమ్మా, అమ్మ వాడిన ఇత్తడి పళ్ళెం అటక మీద ఉంటుంది. చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది. పాలెం పోవాల" అన్నారు. దారిలో తోపు దగ్గర మాత్రం కాస్త ఆగి, చెట్లకేసి చూసి, మళ్ళీ నడిచారు. మీ తమ్ముడు, నేను వెనక.

పాలెంలో అందరూ వచ్చారు. ఇప్పటి పెద్ద గంగులయ్య అంకాలమ్మకు తమ్ముడి వరస. మామయ్యగారు చెప్పులు దూరంగా విడిచి పక్కన నిలబడ్డారు. ఆడమనిషి పని కదా. నేను పోలేరమ్మ రాయి ముందు పళ్ళెం దించాను. మీరు మోసిన పళ్ళెమే అది. అంకాలమ్మ ఎదురుగా కూర్చుంది. నేను అన్నాను, "మా ఇల్లు అడిగిన మాట మేము తిరిగి తీసుకుంటున్నాం" అని.

"ఇనపళ్ళా" అంది అంకాలమ్మ.

మళ్ళీ అన్నాను.

"ఏందమ్మణ్ణీ, ఆవుకు చెప్పినట్టు చెప్తావు. పాలెమంతా ఇనాల గదా. ఆకరి మాట పైకి ఇసురు."

గంగులయ్య "పోనీలే అక్కా, ఇన్నాం గదా" అన్నాడు. "నువ్వు ఊరుకో. ముప్పై ఏండ్లు మూసుకునింది నేనా నువ్వా?" అంది.

సముద్రం హోరు ఎక్కువగా ఉంది ఆ రోజు. ఆ హోరు మీదుగా అరిచాను వదినా. మా ఇల్లు అడిగిన మాట మేము తిరిగి తీసుకుంటున్నాం అని. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. ఒడ్డున కాకులు లేచిపోయాయి. అంకాలమ్మ తాంబూలం తీసుకుని, ఒక వక్క నోట్లో వేసుకుని "ఆఁ" అంది. మామయ్యగారు ఆమె దగ్గరకు వచ్చి ఏదో అనబోయారు. మాట రాలేదు. "అయ్యలారా కాడనే ఆగిపోయినావా అయ్యా ఇంకా?" అందామె. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, పంచె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు తెల్లవారి నేను వీధి తలుపు తీసి నిలబడ్డాను, కేక కోసం. అంకాలమ్మ వచ్చింది. ఎప్పటిలాగే గుమ్మం ముందు తట్ట దించి కూర్చుంది. నోరు తెరవలేదు. ఆ మర్నాడూ అంతే. నా మనసు చివుక్కుమంది. ఇంత చేసీ ఏం లాభం అనుకున్నాను. మామయ్యగారు కూడా ఆ వేళకు పేపరు దించి వీధిలోకి చూడడం గమనించాను. ఉండబట్టలేక అడిగేశాను. ఆమె నీళ్ళు తాగుతూ అంది. "నువ్వు వదిలినావని రేపే అరిస్తే నీ కోసం అరిచినట్టుంటాది గదమ్మా. నాకేమన్నా చెప్పబుద్ధయినప్పుడు అరస్తా."

నిన్న అరిచింది.

వీధి మొదట్లో ఉంది ఆమె. నేను దోసెలు పోస్తున్నాను. ముందు ఎవరి గొంతో తెలియలేదు. కాస్త బొంగురు. కానీ చివరి మాట పైకి లేచిందంటే ఇళ్ళ కప్పుల మీదుగా పోయింది. "కానాగంతలమ్మా కానాగంతలు. వల వేస్తే చేప పడింది. ఓటు వేస్తే బావి పడలా. ఉప్పునీళ్ళు తాగి అరస్తన్నా, తియ్యనీళ్ళు తాగే పెసిడెంటయ్యా, ఇంటన్నావా."

వీధి వీధంతా తలుపులు తీశారు. దోసె మాడిపోయింది. ఆమె మన గుమ్మం ముందుకు వచ్చి మళ్ళీ మొదటి నుంచి అరిచింది, ఏమీ తగ్గించకుండా. మామయ్యగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. చెవుల దాకా ఎర్రబడ్డారు. నాకు భయం వేసింది, ఆయన ఏమంటారోనని. ఆయన అలవాటు చొప్పున తల తిప్పి అడిగారు. "గుంజమ్మా, ఆ మనిషి ఏమంటుంది?"

ఆయనకు వినపడింది, వదినా. వీధి చివర చెవిటి ముసలాయనకు కూడా వినపడింది. గాజులు కదిలించాలో, చెంబు తగిలించాలో నాకు తెలియలేదు. ఈ మాటకు అవునని, కాదని జవాబు లేదు.

తలుపు దాటి వసారాలోకి వచ్చాను. "బావి మామయ్యా" అన్నాను. "మీరు తవ్విస్తానన్న బావి."

ఆయన గుంజ వైపు చూడలేదు. నా వైపు చూశారు. "వినపడిందమ్మా" అన్నారు.

ఇంతకు మించి ఏమీ జరగలేదు. బావి ఇంకా పడలేదు. వానలు మొదలైనాయి, ఇప్పుడు తవ్వితే గట్లు కూలుతాయని, కాస్త తెరపి ఇస్తే చూద్దామని పంచాయతీలో అంటున్నారట. అంకాలమ్మ ఈ పొద్దున కూడా అరిచింది. బావి పడేదాకా రోజూ అరుస్తుందట. చేపలు మాత్రం వీధి సగంలోనే అయిపోయాయి.

మీ తమ్ముడికి ఇది కష్టంగా ఉంది. ఊళ్ళో అందరూ నాన్నను చూసి నవ్వుతున్నారు, ఆ ముసలామె నీ మాట వింటుంది, కొన్నాళ్ళు ఆగమని నువ్వైనా చెప్పు అని ఇందాక నన్ను అడిగారు.

గుంజకు చెప్పుకోమన్నాను.

మీ ఇందిర